గాలిపడవ తెడ్డు

నేను ఒక పంకా రెక్కని. పంకా అంటే మీ ఇంట్లో మంచం మీద కిర్రుకిర్రుమని తిరిగే పంకా కాదు బాబూ. విమానం ముక్కు మీద తిరిగే పంకా. నాకు తోడబుట్టినోళ్ళు ఇంకో ఇద్దరు. ముగ్గురం కలిసి తిరిగితే చాలు, ఏనుగంత విమానం పైకి లేచీసీది. ఆ ఇద్దరూ ఇప్పుడు సముద్రం అడుగున ఎక్కడున్నారో తెలీదు. నేనొక్కదాన్నే నత్తలమొగ అనీ ఊరి ఒడ్డున, ఇసకలో నిలబడి ఉన్నాను. నిదానంగా చెప్తాను, తొందరెట్టకండి. నేను తొందరగా తిరిగిన రోజుల్లో ఏటయిందో మీరే వింటారు.

నేను పుట్టింది సముద్రాలవతల, చలి దేశంలో. ఆ కర్మాగారం పేరు నాకు తెలీదు. పుట్టిన పిల్లకి ఆసుపత్రి పేరు తెలుస్తాదేటి? అప్పుడు మగోళ్ళందరూ యుద్ధానికి ఎల్లిపోనారు. కర్మాగారం నిండా ఆడోళ్ళే. తలకి గుడ్డ కట్టుకుని, మూతికి ఎర్రరంగేసుకుని, నన్ను కొలిచినారు, చెక్కినారు, అద్దంలాగ నున్నగా చేసినారు. ఆఖర్న ఒకావిడ వచ్చి అరచేత్తో పైనుంచి కిందికి నిమిరీది. కొలిచీ మిషన్లు ఎన్నున్నా సరే, ఆవిడ చెయ్యి పడితేగాని ఏ రెక్కా గుమ్మం దాటకూడదు. నా మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, "ఊ" అన్నాది. నాకు బారసాల అంటే అదే.

తరవాత పెట్టెలో పెట్టి, ఓడ ఎక్కించి, ఈ దేశం పంపినారు. అప్పుడే సముద్రాన్ని మొదటిసారి చూసినాను. చూడ్డమంటే ఏటి, పెట్టెలో ఉన్నదానికి ఊగడం తెలిసినాది, అంతే.

మా పని సముద్రం మీద కాపలా. జపానువోడు వచ్చీస్తున్నాడు అనీసి పట్నాల్లో జనం మూటాముల్లే సర్దుకుని పారిపోతున్న రోజులవి. నీళ్ళలోంచి నల్లగా ఏది లేచినా లోపలున్న దొరలు "అదిగో జలాంతర్గామి" అనీవోరు. ఒకరోజు తిమింగలాన్ని తరిమినాం. పాపం, అది భయపడి ఎక్కడికి పోనాదో. ఇంకోరోజు కొట్టుకొచ్చిన తాటిదుంగ మీద బాంబేసినాం. దుంగ మునగలేదు. చేపలు మాత్రం గంపలకొద్దీ చచ్చి తేలినాయి. కింద తెప్పల మీదున్నోళ్ళు మాకేసి తెగ చేతులూపినారు. మొత్తం యుద్ధంలో మా వల్ల సుఖపడింది ఆళ్ళే అనుకుంటాను.

లోపల నలుగురు దొరలుండీవోరు. విమానం తోలీవోడు లెస్లీ దొర. కుర్రోడు, మీసం ఇంకా సరిగా రాలేదు. ఎక్కీ ముందు రోజూ వచ్చి నా మీద వేళ్ళతో ఠకఠకా తట్టీవోడు, గుర్రాన్ని తట్టినట్టు.

ఒకరోజు పొద్దెక్కిన వేళ, నత్తలమొగకి ఎదురుగా సముద్రం మీద ఎగురుతున్నాం. ఇంజను దగ్గినాది. మళ్ళీ దగ్గినాది. మనిషి దగ్గితే మిరియాల కషాయం పోస్తారు, మా ఇంజనుకి ఎవరు పోస్తారు? దగ్గి దగ్గి ఆగిపోనాది. తిరగడం ఆగిపోయిన పంకాకి అప్పుడు తెలుస్తాది, తను ఎంత బరువో. సరాసరి నీళ్ళలోకి దిగిపోనాం. ముక్కు విరిగినాది. నేను ఊడి, అడుక్కి ఎల్లి, ఇసకలో తలకిందులుగా గుచ్చుకున్నాను.

ఇక్కడ్నించి కొంచెం కథ నేను చూసింది కాదు, ఒడ్డున చెప్పుకుంటుంటే విన్నది. మేము పడింది సరిగ్గా మసేను అనీవోడి వల మీద. మసేను నత్తలమొగ గంగపుత్రుడు. దుంగలు తాళ్ళతో కట్టిన తెప్ప మీద బావమరిది గురయ్యని ఎంటబెట్టుకుని వేటకెళ్ళినాడు. వల అప్పుడే వేసినాడు, చేప అప్పుడే తగులుతోంది. నెత్తి మీద్నించి విమానం వచ్చి పడితే ఎవడికైనా ముందు భయమేస్తాది. మసేనుకి కోపమొచ్చినాది.

"ఓరి నీ ఇమానం మండా! ఇంత సముద్రముంటే నా వల మీదకే దిగాలేటిరా?" అన్నాడట.

"బావా, మనుసులు మునిగిపోతన్నారు."

"కనపడతంది. కళ్ళు నేవేటి నాకు? వల కోసీ."

"కొత్త వల బావా! మా అప్ప సంపేస్తాది!"

"మీ అప్పకి నాను సెప్పుకుంటాను. కోసీ ముందు."

వల కోసీసి తెప్ప తిప్పినారు. చెయ్యి విరిగిన లెస్లీ దొర తేలుతూ కనపడితే మసేను జుట్టు పట్టి లాగి తెప్ప మీద కూచోబెట్టినాడు. ఆ దొర కుదురుగా ఉండకుండా, బాగున్న చేత్తో అటు చూపిస్తున్నాడట, మిగతా ముగ్గురు దొరలూ ఇంకా నీళ్ళలో ఉన్నారు అనీసి. సరే అని అటు పోనిచ్చినారు. అప్పుడే విమానం తోక మునిగినాది. మునుగుతూ చుట్టుపక్కల నీళ్ళన్నీ లాక్కున్నాది. తెప్ప నిలువునా లేచి, కట్లు తెగి, దుంగకి దుంగ విడిపోనాది. గురయ్య ఒక దుంగ పట్టుకుని సాయంత్రానికి ఒడ్డుకి చేరినాడు. ఆఖరిసారి ఎనక్కి చూసేటప్పటికి మసేను ఒక చేత్తో ఆ దొర కాలరు పట్టుకుని ఉన్నాడట. తిడుతూనే ఉన్నాడట.

సర్కారు పడవలొచ్చి వెదికినాయి. దొరికిన ముక్కలు పట్టుకెళ్ళినాయి. దొరలూ దొరకలేదు, మసేనూ దొరకలేదు.

ఇప్పుడు నత్తలమొగ కట్టుబాటు ఒకటి చెప్పాల. అది తెలియకపోతే నా కథ మీకు అర్థం కాదు. సముద్రంలో పోయినోడి శవం దొరక్కపోతే, ఆడి తెడ్డు తెచ్చి ఒడ్డున నిలువుగా పాతుతారు. ఆడికి సమాధైనా, గుర్తైనా అదే. ఒక తెప్ప మీద పోయినోళ్ళు ఎంతమందైనా తెడ్డు ఒక్కటే. నీళ్ళ మీద కలిసున్నోళ్ళని ఒడ్డు మీద విడదియ్యకూడదట. పాతిన తెడ్డుని ఇంక పీకకూడదు. పీకినారంటే ఆ మనిషి తిరిగొచ్చినట్టు.

మసేను తెడ్డు మసేనుతోనే పోనాది. పాతడానికి ఏటీ లేదు. ఆడి పెళ్ళాం నీలమ్మ నిండు కడుపుతో ఒడ్డున కూచుండిపోనాది. తెడ్డు పాతందే ఏడవడానికి లేదు, ఏడవందే ఇంట్లోకి ఎళ్ళడానికి లేదు. ఊరు ఊరంతా ఆమెని చూసి ఏం చెయ్యాలో తెలీక పొద్దున్నే పెద్దవల లాగడానికి ఎళ్ళినారు. పెద్దవల అంటే ఒడ్డున రెండు వరసలుగా నిలబడి ఊరంతా లాగీ వల. ఆ వలలో నేను పడినాను.

బరువుకి ఆళ్ళ సంబరం చూడాల! టేకు చేప అన్నాడొకడు. సొర అన్నాడొకడు. ఎవరు ఎంత వాటా తినాలో కూడా తేల్చీసుకున్నారు. ఒడ్డుకి వచ్చేటప్పటికి నేను. అందరి మొహాలూ వేలాడిపోనాయి. అంత అవమానం నాకెప్పుడూ జరగలేదు.

ఊరి పెద్ద ఓలేసు నా చుట్టూ తిరిగినాడు. ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం, మధ్యలో చిన్న మెలిక. తల పంకించి, "ఇది తెడ్డు" అన్నాడు.

"ఇనప తెడ్డేటి మావా? పట్టుకోడానికి పిడి ఏది?" అన్నాడు గురయ్య.

"గాలిలో నడిసీ పడవకి గాలి తోసీ తెడ్డు. ఆళ్ళ సేతులెలాగుంటాయో నీకేటి తెలుసు?"

"మరి ఇది దొరల తెడ్డు కదా. మా బావది కాదు కదా."

ఓలేసు తీరిగ్గా చుట్ట ముట్టించినాడు. "ఆఖర్న ఆ దొర ఎవుడి తెప్ప మీదున్నాడు?" అన్నాడు.

"బావ తెప్ప మీదే."

"ఒక తెప్ప, ఒక తెడ్డు. పాతండి."

నన్ను చేసిన దేశంలో పెద్దపెద్ద చదువులు చదివినోళ్ళు నా బొమ్మ గీసినారు, లెక్కలు కట్టినారు. ఒక్కడికీ నేను తెడ్డునని తోచలేదు. పాతినారు. నీలమ్మ నన్ను పట్టుకుని అప్పుడు ఏడ్చినాది. గాలిలో తిరిగినంతకాలం నన్ను పట్టుకుని ఎవరూ ఏడవలేదు. ఏటి చెయ్యాలో తెలీక కదలకుండా నిలబడ్డాను. అప్పట్నించీ అదే నా ఉద్యోగం.

ఆ అమావాస్య తిరక్కుండానే ఆడపిల్ల పుట్టినాది. తండ్రి పేరే పెట్టి మసేనమ్మ అన్నారు. ఆ పిల్ల నన్ను పట్టుకునే నిలబడ్డం నేర్చుకున్నాది. ఊళ్ళో పిల్లలు ఎవరైనా కొడితే, మిగతా పిల్లలు ఇంటికి పరిగెత్తి నాయనకి చెప్పుకుంటారా, ఇది పరిగెత్తుకొచ్చి నాకు చెప్పుకునీది. "నాయినా, ఆడు నన్ను తోసీసినాడు, సూడు" అనీసి. ఊపడానికి నాకు మెడ లేదు, అయినా తలూపకుండా ఉన్నానని కోపగించుకునీది. తండ్రిని చూడకపోయినా తండ్రి తిట్లన్నీ వచ్చీసినాయి దానికి. రక్తంలో ఉంటాయేమో మరి.

మనుషుల సంగతి నాకు ఇక్కడే తెలిసినాది. ఏదైనా కొంచెం నిటారుగా నిలబడి ఉంటే ఊరుకోలేరు. అయితే దండం పెడతారు, కాకపోతే బట్టలారేస్తారు. నాకు రెండూ జరిగినాయి. వేట మొదలయ్యీ ముందు పసుపు రాసి, చేపనూనె పూసి, కొబ్బరికాయ కొడతారు. మర్నాడే లుంగీ ఆరేస్తారు. కుర్రోళ్ళు నన్ను క్రికెట్టు వికెట్టు చేసినారు. నేను ఒక్కసారైనా పడిపోలేదు గనక ఎవడూ ఔటయ్యీవోడు కాదు, రోజూ తగూలే. ఎన్నికలప్పుడు మూడు పార్టీలోళ్ళూ నా మీదే కాగితాలంటించీవోరు. సముద్రం గాలి మాత్రం ఏ పార్టీదీ సాయంత్రం దాకా ఉండనిచ్చీది కాదు.

నా చుట్టుపక్కల కర్ర తెడ్లు వచ్చీవి, పుచ్చిపోయీవి. ఒక్క తెడ్డు మాత్రం పీకగా చూసినాను. సింహాద్రి అనీవోడిది. ఆడు వేటకెళ్ళి, ఒరిస్సా పక్కకి కొట్టుకుపోయి, అక్కడ హోటల్లో గారెలేస్తూ ఉండిపోనాడు. ఊళ్ళో తెడ్డు పాతి ఏడ్చి ఊరుకున్నాక, ఒకరోజు బస్సు దిగినాడు, బొజ్జేసుకుని. ఇంక చూడండి! డప్పులు కొట్టి తెడ్డు పీకినారు. కట్టుబాటు ప్రకారం తెడ్డు పీకినోడే తిరిగొచ్చినోడి కాళ్ళు కడిగి అన్నం వడ్డించాల. వడ్డించినారు. ఆడు తిన్నంతసేపూ పెళ్ళాం నోరెత్తలేదు. చెయ్యి కడుక్కున్నాక ఆ తెడ్డే తీసుకుని ఊరంతా తరిమి కొట్టినాది.

ఇలాగ ఏళ్ళు గడిచినాయి. నీలమ్మ పోనాది, గురయ్య పోనాడు. మసేనమ్మకి పెళ్ళయి, పిల్లలయి, మనవలయి, నడుం వంగినాది. అయినా వేట మొదలయ్యే ముందు నాకు పసుపు రాసీది తనే. ఇంకెవరినీ ముట్టనిచ్చీది కాదు. రాస్తూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పీది. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడ్డం లేదో నాకు తెలిసినంత నత్తలమొగలో ఇంకెవరికీ తెలీదు.

అప్పుడు పట్నం నుంచి కమాండరు గారు వచ్చినారు. సదాశివమూర్తి గారు ఆయన పేరు. నౌకాదళంలో చేసి రిటైరైనారు. మంచి మనిషే, మీసం కూడా మంచిదే. యుద్ధంలో పడిపోయిన విమానాల సంగతులు వెదకడం ఆయనకి సరదా. నన్ను చూసి, వంగుని, ఎక్కడో నా మొదట్లో చెక్కి ఉన్న అంకెలు చదువుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాకూ బాగానే అనిపించినాది. నేను పంకానని పోల్చుకున్నోడు ఇన్నాళ్ళకి దొరికినాడు మరి.

చందాలు పోగుచేసి, ఒడ్డుకి కొంచెం పైన, దిబ్బ మీద నల్లరాతి స్తంభం కట్టించినారు. దాని మీద నలుగురు దొరల పేర్లూ చెక్కించినారు. స్తంభం నెత్తి మీద బోల్టులు బిగించి నన్ను నిలబెట్టాలని ఆయన ఆలోచన. ఆ సంగతి మసేనమ్మకి చెప్పడానికి ఆయనే స్వయంగా వచ్చినారు. ఆమె నా పక్కనే ఎండుచేపలు తిరగేస్తోంది.

"అమ్మా, దీన్ని తోమించి, మెరిపించి, అంత ఎత్తున పెడతాం. పదూళ్ళకి కనపడుతుంది. విదేశాల నుంచి కూడా మనుషులొస్తారు."

"అది మా నాయన తెడ్డు బాబూ."

"అది ప్రొపెల్లరమ్మా."

"మీకు పెల్లరే. నాకు నాయనే. పాతిన తెడ్డు పీకకూడదు. పీకితే మనిసి వొచ్చినట్టు. మా నాయన వొచ్చినాడేటి?"

"మీ నాన్నగారి పేరు కూడా రాతి మీద వేయిద్దాంలెండి, కావాలంటే, కింద."

"పేరు నా దగ్గరే ఉంది కదా బాబూ. పేరు మీరు రాసుకోండి. తెడ్డు ముట్టుకోకండి."

కమాండరు గారు నవ్వి, నమస్కారం పెట్టి ఎల్లిపోనారు. చదువుకున్నోళ్ళు నవ్వి నమస్కారం పెట్టినారంటే విన్నారనుకుంటాం మనం. ఆయన మనసులో అనుకున్నదేమంటే, ముసలామె పాపం, మెరిపించి పైన పెట్టింది చూస్తే తనే సంతోషిస్తాది అనీసి.

సభకి ముందురోజు పొద్దున్న, ఊళ్ళో ఆడోళ్ళందరూ చేపల వేలంపాటకి అవతలి ఒడ్డుకి ఎళ్ళిన వేళ, జేసీబీ వచ్చినాది. ఊరంతా కలిసి పాతిన నన్ను ఒక్క మూలుగు మూలిగి పీకీసినాది. పక్కన షామియానా కింద పడుకోబెట్టి, ఏదో నీళ్ళు పోసి, బ్రష్షుతో బరికినారు. ఇన్నేళ్ళ పసుపూ నూనే కారిపోనాయి. తళతళలాడిపోతున్నాను. అయినా ఏదో చలేసినట్టు అనిపించినాది.

కబురు అందుకుని మసేనమ్మ వచ్చినాది. ఎనకాల ఊరంతా వచ్చినాది, ఈవేళ కమాండరు గారి మీసం ఉంటాదా పోతాదా చూద్దామని. ఆమె గుంత దగ్గర నిలబడ్డాది. గుంతలో నీళ్ళూరుతున్నాయి. తరవాత నా దగ్గరికి వచ్చినాది. నా మీద చెయ్యి వేసి, పసుపు పోయిన చోటల్లా తడిమి చూసినాది. తిట్లు మొదలవుతాయని అందరూ కాసుకు కూచున్నారు.

ఎనక్కి తిరిగి, "ఒరే, డప్పులు తెండి. మా నాయనొచ్చినాడు" అన్నాది.

ఎవరూ కదల్లేదు.

"ఏటలగ సూత్తారు? తెడ్డు పీకినారా నేదా? పీకితే మనిసి వొచ్చినట్టా కాదా? ఆయనేటి తెలీక పీకినారా, పెద్ద ఉద్యోగం సేసినోరు!"

ఆ మాటతో ఊరికి అర్థమయిపోనాది. డప్పులొచ్చినాయి. నన్ను నలుగురు భుజాలకెత్తుకున్నారు. కమాండరు గారు, "ఆగండాగండి, బోల్టులు..." అంటూ ఎంట పరిగెత్తుకొచ్చినారు. ఆమె ఇంటి అరుగు మీద నన్ను పీట వేసి కూచోబెట్టి, కొత్త పంచె చుట్టి, తువ్వాలు భుజాన వేసినారు. ఆకు వేసినారు. అప్పుడు చెంబు తెచ్చి కమాండరు గారి చేతిలో పెట్టినాది మసేనమ్మ.

"పీకినోరే కాళ్ళు కడగాల బాబూ. మా కట్టుబాటు."

"దీనికి కాళ్ళెక్కడున్నాయమ్మా?"

"సివరాకరు కడగండి. సరిపోద్ది."

ఆయన ఊరందరి మొహాలూ చూసినారు. చెప్పులు ఒదిలి, వంగుని, కడిగినారు. వంజరం చేప పులుసు వడ్డించినారు. నిజం చెప్పాలంటే శ్రద్ధగానే వడ్డించినారు. నేను తినలేదు. నా ఎదురుగా మసేనమ్మ కూచుని, పులుసు చల్లారిపోయీదాకా నన్నే చూస్తా ఉన్నాది. అప్పుడు నవ్వులాట అనుకుని వచ్చినోళ్ళు ఒక్కొక్కరే నెమ్మదిగా లేచి ఎల్లిపోనారు.

మర్నాడు సభ. ముందువరసలో ఎర్ర కుర్చీలు. ముఖ్య అతిథి కుర్చీలో పంచె కట్టుకుని నేను. పక్క కుర్చీలో మసేనమ్మ. లేపడానికి వచ్చిన వాలంటీరుని ఒక్క చూపు చూసినాది, ఆడు మళ్ళీ రాలేదు. ఎమ్మెల్యే గారు ఎందుకైనా మంచిదని నాకు దండం పెట్టి అవతల కుర్చీలో కూచున్నారు.

విదేశం నుంచి ఒక ముసలాయన వచ్చినారు. పొడుగు, ఎండకి ఎర్రగా కమిలిపోయిన మెడ. డెనిస్ దొర. నన్ను తోలిన లెస్లీ దొర కొడుకు. ఆయన నన్ను చూసి, తువ్వాలు చూసి, కమాండరు గారి చెవిలో ఏదో అడిగినారు.

"ఈ కుర్చీలో ఎవరు అని అడుగుతున్నారమ్మా" అన్నారు కమాండరు గారు.

"మా నాయన అని సెప్పండి. నిన్ననే వొచ్చినాడు."

పాపం కమాండరు గారు! చెప్పకపోతే ఎలాగ, చెప్తే ఎలాగ. మొత్తం చెప్పాల్సొచ్చినాది. మసేను వల కొయ్యడం, లెస్లీ దొర జుట్టు పట్టి లాగడం, కాలరు పట్టుకోవడం, తెడ్డు, ఒక తెప్ప కట్టుబాటు, నిన్న తను పీకడం, కాళ్ళు కడగడం. ఆమె ఒక్కో ముక్కా చెప్తుంటే ఆయన ఒక్కో ముక్కా ఇంగ్లీషులోకి తిప్పినారు. మైకు ఆగిపోనాది, ఎమ్మెల్యే గారి ప్రసంగం ఆగిపోనాది. డెనిస్ దొర కుర్చీలోంచి దిగి ఇసకలో గొంతుక్కూచున్నారు. ఒక్క మాట అడిగినారు.

"ఒక తెప్ప మీద ఉంటే... మా నాన్న కూడా వచ్చినట్టేనా అని అడుగుతున్నారు" అన్నారు కమాండరు గారు.

"రాక? ఇదుగో కూకున్నాడు కదా. కనపడ్నేదేటి?"

దొర నా వేపు చూసినారు. చెయ్యి చాపి, వేళ్ళతో నన్ను ముట్టుకున్నారు. తరవాత చెప్పినారు, నాన్న యుద్ధానికి ఎళ్ళినప్పుడు తనింకా పాకుతున్నాడట. నాన్న మోకాళ్ళే గుర్తట. మోకాళ్ళ పైన ఏటున్నాదో ఎంత తలుచుకున్నా రాదట.

"నీకు మోకాళ్ళైనా ఉన్నాయి తమ్ముడూ" అన్నాది మసేనమ్మ, ఈడులో తనకంటే ఆయనే పెద్దని లెక్కచెయ్యకుండా. "నాకు తెడ్డొకటే."

కమాండరు గారు కళ్ళజోడు తుడుచుకుని, నెమ్మదిగా, "మరి ఇప్పుడు... పైన పెట్టొచ్చా అమ్మా?" అన్నారు. అదేటి బుద్ధో, చేతిలో స్పానరు ఇంకా అలాగే ఉన్నాది.

"వొచ్చినోడు ఇంట్లో ఉంటాడు, నేకపోతే సముద్రం కాడ ఉంటాడు. రాతి మీద కూకోడానికి కాకేటి మా నాయన?"

కమాండరు గారు డెనిస్ దొరని అడిగినారు. దొర తల అడ్డంగా ఊపి, మసేనమ్మని చూపించినారు. ఆమె ఎలాగంటే అలాగే అనీసి. కమాండరు గారు స్పానరు జేబులో పెట్టుకున్నారు. నల్లరాతి నెత్తి మీద ఆ బోల్టులు ఈరోజుకీ ఖాళీగానే ఉన్నాయి. పేర్లు చదవడానికి వచ్చినోళ్ళు, పైన ఏదో మర్చిపోయినట్టున్నారే అనుకుంటూ ఎల్తారు.

అందరూ మసేనమ్మ మాట కోసం చూస్తున్నారు. ఆమె మాత్రం నన్నే చూస్తున్నాది. నాకు తెలుసు, అది ఎంత కష్టమైన మాటో. ఇంట్లో ఉంచీసుకుంటే నాయన వచ్చినట్టే ఉంటాడు. మళ్ళీ పాతితే, తన నోటితో తనే నాయన రాలేదని చెప్పినట్టు. నీలమ్మ చెప్పిన మాట అది. పుట్టకముందు జరిగిపోయిన ఆ పని ఇప్పుడు దీని వంతుకి వచ్చినాది.

"ఒక పూట అన్నం పెట్టినాను" అన్నాది, ఎవరితోనో చెప్తున్నట్టు. "సాలు. ఇంట్లో నాయనకి ఊపిరాడదు."

లేచినాది. జేసీబీ వోడు ఉత్సాహంగా బండెక్కబోతే, "దిగు నాయినా, నీ మర వొద్దు" అన్నాది. నన్ను ఎత్తుకుని గుంత దగ్గరికి తెచ్చినారు. పంచె విప్పినారు. పాతీటప్పుడు తెప్ప మీద పోయినోళ్ళ ఇంటి మనుషులు తెడ్డు మీద చెయ్యి వెయ్యాలి. మసేనమ్మ డెనిస్ దొరని చెయ్యి పట్టి లాక్కొచ్చినాది. ఆయన బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, గుంతలోకి దిగినారు. కమాండరు గారు కూడా చేతులు చాపినారు.

"మీరు ఏ తెప్ప బాబూ?"

"నేను ముప్పై ఏళ్ళు నౌకాదళంలో..."

"మా నాయన తెప్ప మీద నేరు కదా. ఇసక పొయ్యండి. అదీ పనే."

ఆయన చేతులతో ఇసక తోస్తూ కూచున్నారు. ఈ ఇద్దరూ నన్ను నిలబెట్టడానికి పెనుగులాడుతున్నారు. దొర అటు తోస్తే ఆమె ఇటు తోసీది. నేను వంకరగా లేస్తున్నాను.

"అటు కాదు తమ్ముడూ, సముద్రం కేసి! అన్నం తిన్నావా నేదా? ఏటా తొయ్యడం!"

ఆయనకి మాట అర్థం కాలేదు, తిట్టు అర్థమయినాది. నవ్వుతూ ఇంకా గట్టిగా తోసినారు. నిలబడ్డాను. ఇసక నా నడుం దాకా వచ్చినాది. ఊరోళ్ళు తడి ఇసక తొక్కి గట్టి చేసినారు. పని అయిపోనాది. అయినా ఇద్దరూ చేతులు తియ్యలేదు. దొర వేళ్ళు నన్ను ఒక్కసారి ఠకఠకమని తట్టినాయి, ఆ సంగతి ఆయనకే తెలిసినట్టు లేదు. పక్కన మసేనమ్మ అరచెయ్యి తడిసి, గరుగ్గా, వెచ్చగా ఉన్నాది. చెయ్యి తియ్యడమే మిగిలినాది. తీస్తే ఎవరు ఎల్లిపోతారో ఇద్దరికీ తెలుసు.

నీళ్ళు ఆళ్ళ పాదాల దాకా వచ్చి ఎనక్కి ఎల్లినాయి. ముందు మసేనమ్మే తీసినాది. తీసి, ఆయన మణికట్టు పట్టుకున్నాది.

"ఒగ్గీ తమ్ముడూ" అన్నాది. "అల పెద్దదొస్తంది. పైకి రా."